బెజవాడ ఎండల్లో ఇంట్లో కోలియస్

రంగురంగుల ఆకుల కోలియస్‌ని ఇండోర్ మొక్క అనే అమ్ముతారు. ఆ మాట నమ్మి టీవీ పక్కనో, హాలు మూలనో పెడితే కొన్ని వారాల్లోనే ఎర్రటి ఆకులు పచ్చబడతాయి, కాడలు సన్నబడి వెలుతురు వైపు సాగుతాయి. మొక్క చావదు గానీ కొన్న అందం మిగలదు. ఆకులోని ఎరుపూ ఊదా ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తాయి. వెలుతురు తగ్గితే అది తగ్గిపోయి పత్రహరితం బయటపడుతుంది. అందుకని రకం ఎంచుకునే ముందే కిటికీ ఎంచుకోవాలి.

తూర్పు కిటికీకి మించింది లేదు. పొద్దున రెండు మూడు గంటల లేత ఎండ, ఆపైన నీడలో మంచి వెలుతురు దానికి సరిపోతాయి. పడమర కిటికీ అయితే పల్చటి తెర తప్పనిసరి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే రంగులు వెలిసిపోయి ఆకు అంచులు మాడతాయి. దక్షిణం, ఉత్తరం సంగతి కాలాన్ని బట్టి మారుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలిదాకా వస్తుంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరపు కిటికీకీ ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. కుండీని ఏడాదంతా ఒకేచోట ఉంచాలన్న పట్టుదల అనవసరం.

మట్టి విషయంలో గుంటూరు వైపు వాళ్లకి ఒక మాట. పొలం నుంచి తెచ్చిన నల్లరేగడి కుండీలో పోయకండి. తడిస్తే ఉబ్బి గాలి ఆడనివ్వదు, ఎండితే పగుళ్లిచ్చి సన్నవేళ్లను తెంపేస్తుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, కడిగిన కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) రెండు, వర్మీకంపోస్టు ఒకటి, ముతక ఇసుక ఒకటి కలిపితే చాలు. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, అందుకే కడగమనడం. మొదట ఆరంగుళాల కుండీ సరిపోతుంది. పెద్దది పెడితే వేళ్లు అందుకోని మట్టి తడిగానే ఉండిపోయి కుళ్లు మొదలవుతుంది. కింద చిల్లులు లేని పింగాణీ కుండీ అయితే అసలు వద్దు.

ఎక్కువ మొక్కలు పోయేది నీళ్ల దగ్గరే. వేలు అంగుళం లోతు గుచ్చి చూడండి, పొడిగా తగిలితేనే అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోయాలి. పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయాలి. చిక్కంతా ఇక్కడుంది: నీళ్లు చాలకపోయినా ఆకులు వాలతాయి, వేళ్లు కుళ్లినా వాలతాయి. మట్టి తడిగా ఉండి మధ్యాహ్నం వాలితే ఏమీ పోయకుండా నీడకు జరిపి సాయంత్రం దాకా చూడండి. లేచి నిలబడితే అది వేడి వల్లే. మర్నాడు పొద్దునకీ లేవకపోతే, మొదలు నల్లగా మెత్తబడి ఉంటే, వేరుకుళ్లే. అప్పుడు కుండీని కాపాడే ప్రయత్నం మాని కొత్త మొక్క కోసం పైన గట్టిగా ఉన్న కొమ్మలు కోసుకోండి. బోరునీళ్ల ఉప్పు కుండీ అంచున తెల్లగా పేరుకుంటుంది, ఆకు కొసలు గోధుమరంగుకి తిరుగుతాయి. నెలకోసారి మామూలుకి రెండు మూడింతల మంచినీళ్లు పోసి కారిపోనిస్తే ఉప్పు దిగిపోతుంది.

మొక్క ఆరంగుళాలు ఎదిగాక ఆకుల జతకి సరిగ్గా పైన చిగురు గిల్లేయాలి. కింది కణుపుల నుంచి రెండు కొమ్మలు వస్తాయి, వాటినీ అలాగే గిల్లాలి. నీలిరంగు పూలకంకి కనబడగానే తుంచేయండి. ముద్దుగానే ఉంటుంది, కానీ గింజ పట్టనిస్తే ఆకులు చిన్నవై కొమ్మలు గట్టిపడతాయి. ఎరువు తక్కువే మేలు: 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే నీళ్లలో కరిగే ఎరువు) లీటరు నీటికి ఒక గ్రాము, పదిహేను రోజులకోసారి, ముందే తడిసిన మట్టిలో. నత్రజని ఎక్కువైతే ఆకు పెద్దదవుతుంది, రంగు పల్చబడుతుంది.

గిల్లిన కొమ్మలు పారేయకండి. పూత లేని నాలుగంగుళాల కొమ్మను కణుపు కిందగా కోసి, కింది ఆకులు తీసి గాజుగ్లాసులో నీళ్లలో పెట్టి, రెండ్రోజులకోసారి నీళ్లు మారిస్తే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. అంగుళం పొడవు రాగానే నాటేయాలి. ఇంకా ఉంచితే నీళ్లకు అలవాటుపడ్డ వేళ్లు మట్టిలో త్వరగా కుదురుకోవు. ముసలి మొక్కను ఏళ్ల తరబడి మేపడం కన్నా ఇది నయం. ఫిబ్రవరిలో ఒక విడత, వానలు పడ్డాక ఇంకో విడత ఇలా కొమ్మలు పెట్టుకుంటే రోహిణి కార్తెలో ఒక కుండీ పోయినా ఆ రకం పోదు.

వడగాలి రోజుల్లో కిటికీ అంచు మీంచి ఓ మూడడుగులు లోపలికి జరపండి. అలాగని ఏసీ గాలికి ఎదురుగా పెట్టకండి. చల్లటి పొడిగాలికి ఆకులు రాలతాయి, ఎర్రనల్లి కూడా పడుతుంది: ఆకు మీద సన్నటి చుక్కలు, అడుగున బూజులాంటి దారాలు. ఆకుల అడుగు భాగాన్ని నీళ్లతో గట్టిగా కడిగితే చాలావరకు పోతుంది. కణుపుల్లో దూదిలా కనబడేది పిండినల్లి. కొంచెమే ఉంటే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. ముదిరితే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట, వారానికోసారి మూడు వారాలు కొట్టాలి. ఎండలో కొడితే ఆకు కాలుతుంది.

వాము ఆకు దీనికి దగ్గరి చుట్టం, రెండూ తులసి కుటుంబమే. అలాగని దీన్ని బజ్జీల పిండిలో ముంచకండి. పిల్లులు, కుక్కలు నమిలితే వాంతులు చేసుకుంటాయి, కుండీని వాటికి అందని ఎత్తులో పెట్టండి.