కొత్త మొక్కే అని తేలడానికి మూడు వర్షాకాలాలు

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ మొక్క పేరు ఇక్కడ రాయను. మా పరిశోధన పేపర్‌ను జర్నల్ వాళ్ళు ఒప్పుకున్నారు, ప్రూఫులు దిద్ది పంపేశాం, కానీ ఇంకా బయటికి రాలేదు. వర్ణన లేకుండా పేరొక్కటీ ముందే అచ్చులోకి వస్తే ఆ పేరు చెల్లదు, తర్వాత దాన్ని సరిచేసుకోవడం పెద్ద తలనొప్పి. ఎక్కడ దొరికిందంటే కొడగు వైపు కొండల్లో అంటాను, అంతే. అందమైన అడవి మొక్క ఫలానా చోట ఉందని తెలిస్తే పీక్కెళ్ళేవాళ్ళకు కొదవ లేదు.

మాది ప్రొద్దుటూరు. బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఉండేది యలహంకలో నెల్లూరు ఆంటీ నడిపే పీజీలో. నా పని పడమటి కనుమల బాల్సమ్ మొక్కల మీద. పండిన కాయను ముట్టుకుంటే టప్పున పేలి గింజలు చిమ్మే మొక్క, చిన్నప్పుడు పెరట్లో చాలామంది ఆడుకునే ఉంటారు, ఆ ప్రజాతే, అంటే దగ్గరి జాతుల గుంపు. శాస్త్రీయంగా ఇంపేషెన్స్, అంటే ఓపిక లేనిది. దాని మీద పనిచేసేవాళ్ళకు మాత్రం ఓపిక తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ప్రపంచంలో 1000కి పైగా జాతులున్నాయి. కనుమల్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఇంకెక్కడా పెరగవు.

మొదటి ఏడాది అనుమతి కాగితం చేతికొచ్చేసరికి జులై సగం దాటిపోయింది. షోలా అనే కొండ అడవిలో ఆరోజు వాన ఆగలేదు. కాళ్ళకు జలగల మేజోళ్ళు తొడుక్కున్నా, మెడ మీదికి ఎలా ఎక్కాయో తెలీదు. నాచు పట్టిన ఒక చెట్టు మొదలు మీద, నా భుజం ఎత్తున, బెత్తెడు మొక్క కనిపించింది. కాండం అంటూ లేదు. నాచులోంచి రెండే ఆకులు, వాటి మధ్య నుంచి సన్నటి కాడ, దాని చివర నాలుగు లేతగులాబీ పూలు. ఇలాంటివి జూన్ వానలకు చిన్న దుంపలోంచి లేచి, వానలు పోగానే మాయమైపోతాయి. మాతో వచ్చిన వాచర్ అన్న "ఇది ప్రతి ఏడూ వస్తుంది అక్కా, ఇందులో ఏముంది" అన్నాడు. నిజమే, ఆయనకది కొత్తది కాదు.

అక్కడే నా మొదటి తప్పు. బాల్సమ్ పువ్వు తడి గుడ్డ లాంటిది. దాన్ని నేరుగా న్యూస్‌పేపర్లో పెట్టి ప్రెస్సు బిగిస్తే కాగితానికి అతుక్కుపోతుంది. పూలను విడిగా టిష్యూ పేపర్ మధ్య ఆరబెట్టాలని మా గైడ్ మేడం ముందే చెప్పారు. వానలో, తొందరలో, పీజీ నుంచి తెచ్చుకున్న తెలుగు పేపర్ల మధ్యే పెట్టేశాను. మూడో రోజు విప్పి చూస్తే రేకుల బదులు గులాబీ మరకలు. పూలను 70 శాతం ఆల్కహాల్లో వేసిన సీసా ఒకటుంది కదా అని ధైర్యం. ఆ సీసా తిరుగు ప్రయాణంలో కారింది. కండక్టర్ బ్యాగు దగ్గర ముక్కుపుటాలు ఎగరేసి "ఏనమ్మా ఇదు, ఎణ్ణెనా?" అని అడిగాడు. కన్నడంలో ఎణ్ణె అంటే నూనె, వాడుకలో మందు కూడా. పువ్వుల్ని చూపిస్తే ఇంకా అనుమానంగా చూశాడు.

కొత్త మొక్క దొరకడం ఒక్క మధ్యాహ్నం పని. ఇంతకుముందు ఎవరూ దీనికి పేరు పెట్టలేదని నిరూపించడమే అసలు పని. మొక్కల పేర్ల లెక్క 1753లో లిన్నేయస్ పుస్తకంతో మొదలవుతుంది. అప్పటినుంచి ఎవరైనా, ఏ భాషలోనైనా, ఏ మూలైనా పేరు పెట్టి ఉండొచ్చు. ప్రతి పేరుకూ ఒక టైపు నమూనా ఉంటుంది, ఆ పేరు కట్టుబడి ఉండేది ఆ ఒక్క ఎండిన మొక్కకే. దగ్గరి పోలికలున్న ప్రతి జాతి టైపునూ చూడాలి. కొన్ని ఆన్‌లైన్‌లో స్కాన్ చేసి ఉన్నాయి, కొన్నిటికి వెళ్ళక తప్పదు. హెర్బేరియం అంటే ఎండిన మొక్కల్ని దాచే చోటు. పేరుకు మద్రాసు హెర్బేరియం, ఉన్నది కోయంబత్తూరులో. అక్కడ నాలుగు రోజులు కూర్చున్నాను.

నిజానికి ఆ ఏడాది నా దగ్గర రెండు "కొత్త" మొక్కలున్నాయి. రెండోది కోయంబత్తూరు వెళ్ళకముందే పోయింది. ఈస్టిండియా కంపెనీ డాక్టరు రాబర్ట్ వైట్ మద్రాసులో 1838 నుంచి 1853 వరకు అచ్చువేసిన బొమ్మల పుస్తకం స్కాన్లు తిరగేస్తుంటే, నలుపు తెలుపు లిథోగ్రాఫులో నా మొక్క కళ్ళముందుంది. ఎండిన నమూనాలో ఎప్పుడూ నలిగిపోయే స్పర్ వంపు, అంటే పువ్వు వెనక తోక, బొమ్మలో కచ్చితంగా ఉంది. ఆయనకు బొమ్మలు వేసినవాళ్ళు రంగయ్య, గోవిందు. ఆ పేర్లు చూస్తే మా ఊరి తాతలు గుర్తొచ్చారు. గోవిందు పేరు మీద వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని పేరు కూడా పెట్టాడు, అది ఇప్పుడు వేరే పేరులో కలిసిపోయింది. ఒక కొత్త జాతి చేజారిందని ఏడవాల్సింది పోయి, ఆ సాయంత్రం అందరికీ ఫోన్లో ఆ బొమ్మ చూపించుకుంటూ తిరిగాను.

మొదటిది మాత్రం ఎక్కడా దొరకలేదు. కానీ నా దగ్గర చూపించడానికి సరైన పువ్వు లేదు. మరో వర్షాకాలం ఆగాల్సిందే.

రెండో ఏడాది టిష్యూ పేపర్ రెండు కట్టలు, మూత బిగుతుగా ఉన్న సీసాలు పదీ పట్టుకెళ్ళాను. డీఎన్‌ఏ కోసం ఆకు ముక్కలు సిలికా జెల్‌లో వేశాను. ల్యాబులో వారం పాటు పువ్వును విప్పుతూనే ఉన్నాను. ఎండిన పువ్వైతే చిన్న గిన్నెలో నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి మరిగిస్తే మెత్తబడి విచ్చుకుంటుంది. బాల్సమ్ పువ్వు కాడ మెలితిరిగి తలకిందులవుతుంది, అందుకే కింద కనిపించేది నిజానికి పై భాగం. మనం స్కూల్లో బట్టీ పట్టిన రక్షకపత్రావళి, ఆకర్షణపత్రావళి ఇక్కడ మోసం చేస్తాయి. స్పర్ ఉన్నది ఆకర్షణపత్రానికి కాదు, రక్షకపత్రానికి. పక్క రేకులు నాలుగూ రెండేసి అతుక్కుని రెండు రేకుల్లా కనిపిస్తాయి. అయిదు కేసరాలు కలిసి కీలాగ్రం మీద టోపీలా కూర్చుంటాయి. టోపీ రాలితేగానీ కీలాగ్రం బయటపడదు. ఈ సంగతి మర్చిపోయి, ఒకే మొక్క మీది రెండు పూలు రెండు రకాలని ఒక రోజంతా టెన్షన్ పడ్డాను. ఒకటి వయసులో పెద్దది, అంతే.

రాయడం ఊహించినంత కష్టం కాలేదు. 2012 వరకు వర్ణన లాటిన్‌లోనే ఉండాలి. ఇప్పుడు ఇంగ్లిష్ చాలు, పేరు మాత్రం లాటిన్ రూపంలో ఉండాలి. మా అమ్మమ్మ పేరు పెడదామని మనసులో ఉండేది. నియమాలు అడ్డుచెప్పవు గానీ మేడం ఒక్క చూపు చూశారు. చివరికి మొక్క లక్షణాన్ని బట్టే పెట్టాం. ఇంపేషెన్స్ స్త్రీలింగం కాబట్టి విశేషణం కూడా దానికి తగ్గట్టు మారాలి, దాని మీద ఒక పూట పోయింది. జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి దొరికితే నిర్ణయించిన సంస్థకు తెలియజేసి నమూనా అప్పగించాలి. మంచి షీటు హోలోటైపుగా, అంటే ఈ పేరుకు టైపు నమూనాగా, ప్రభుత్వ హెర్బేరియానికి వెళ్ళింది.

పేపర్ జర్నల్‌కు పంపాక ఒక సమీక్షకుడి జవాబు మాత్రం గుండెల్లో రాయి వేసింది. ఇది తెలిసిన జాతిలో మామూలు తేడాయే కావచ్చు, ఒకే చోటి మొక్కలతో ఎలా నమ్మాలి, మరో చోట ఉందేమో చూశారా అని. కోపం వచ్చింది. రెండు రోజులయ్యాక చూస్తే అడిగింది న్యాయమే. కానీ అప్పుడు నవంబరు, కొండ మీద ఒక్క ఆకు కూడా లేదు. మూడో వర్షాకాలం. మొదటి చోటుకు దూరంగా, అదే ఎత్తులో మరో వాలు మీద వాచర్ అన్నే చూపించాడు. ఇరవై ఎనిమిది మొక్కలు కొలిచాం. స్పర్ వంపు ఎక్కడా మారలేదు. మేము "తీవ్ర ప్రమాదంలో ఉంది" అని రాసుకున్నది కూడా సమీక్షకుడు కొట్టేశాడు. రెండు చోట్లు చూసి అంత మాట అనలేమన్నాడు. చివరికి తగినంత సమాచారం లేని జాతుల కోవలో పెట్టాం. పేపర్లో వార్త కావాలంటే మొదటిదే బాగుండేది, నిజం మాత్రం రెండోదే.

ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చిన రోజు నాన్నకు ఫోన్ చేశాను. "మరి తెలుగులో దాన్నేమంటారు?" అన్నారు. ఏమీ అనరు నాన్నా అన్నాను. "అయితే ఇంకా పని మిగిలే ఉందన్నమాట" అన్నారు.

ప్రూఫుల్లో ఒక్క వరుస అదనంగా చేర్పించాను. మొదటి ఏడాది పాడైన షీటును పారాటైపుల్లో, అంటే హోలోటైపు కాక పేపర్లో పేర్కొన్న మిగతా నమూనాల్లో, ఒకటిగా ఉదహరించాం, పూలు పోయినా ఆకులు, దుంప ఉన్నాయి కదా. అది మా హెర్బేరియంలోనే ఉంది. దగ్గరగా చూస్తే ఆకు అంచు మీద తిరగబడ్డ అక్షరాల్లో "ప్లాట్లు అమ్మ" వరకు అద్దుకుని ఉంది.