ఫ్లాడెన్ దాకా ఒక పాట వెంట

స్కాట్లండ్‌లో బ్యాగ్‌పైపు వాయించేవాళ్లలో చాలామంది పాటించే కట్టుబాటు ఒకటుంది. ‘ఫ్లవర్స్ ఆఫ్ ది ఫారెస్ట్’ అనే పాటను కచేరీల్లో వాయించరు. అంత్యక్రియలకూ, యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకునే సభలకూ మాత్రమే దాన్ని బయటికి తీస్తారు. సాధన కూడా తలుపులు వేసుకునే. ఎడిన్‌బరోలో రాయల్ మైల్ వీధి పొడవునా రోజంతా పైపు మోగుతూనే ఉంటుంది కానీ అక్కడ ఈ పాట కోసం చెవులు రిక్కించి లాభం లేదు. అది ఏ పని కోసం ఉందో ఆ పని జరిగేచోటికే వెళ్లాలి. జూన్‌లో మేం ఎడిన్‌బరో నుంచి సెల్కర్క్, నోరమ్ మీదుగా బ్రాంక్స్‌టన్ వెళ్లింది అందుకే.

పాట వెనక ఉన్నది 1513 సెప్టెంబరు 9న ఈ బ్రాంక్స్‌టన్ దగ్గరే జరిగిన ఫ్లాడెన్ యుద్ధం. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఫ్రాన్సు మీద దండెత్తితే, ఫ్రాన్సుకిచ్చిన మాట ప్రకారం స్కాట్లండ్ రాజు నాలుగో జేమ్స్ సరిహద్దు దాటాడు. ఒక్క మధ్యాహ్నంలో రాజు పోయాడు, ప్రభువంశాల పెద్దలు పోయారు, వేలమంది మామూలు జనం పోయారు. పాటలోని ఫారెస్ట్ అంటే సెల్కర్క్ చుట్టుపక్కలి ఎట్రిక్ అడవి సీమ. పూలంటే అక్కడి కుర్రవాళ్లు.

ఇప్పుడు పాడే మాటలు 18వ శతాబ్దంలో జీన్ ఎలియట్ రాసినవి. పేరు లేకుండా బయటికి రావడంతో పాతకాలపు జానపదమేనని చాలామంది నమ్మారు. అలా నమ్మడానికి కారణం మాటల్లోనే ఉంది. యుద్ధం ప్రస్తావన ఒక్క చరణానిదే, మిగతాదంతా ఊళ్లో మిగిలిపోయిన ఆడవాళ్ల మాట. తెల్లవారకముందే గొర్రెల పాలు పితుకుతూ కూనిరాగాలు తీసే అమ్మాయిలు ఇప్పుడు మూలుగుతున్నారు. కోతల వేళ పనలు కట్టేవాళ్లంతా ముడతలు పడి నెరిసిన ముసలివాళ్లే. సందెవేళ గడ్డివాముల చుట్టూ దాగుడుమూతలాడే పిల్లగాళ్లు లేరు. పనలు కట్టే చేతులు ఎవరివో చూపించి ఊరికి ఏం జరిగిందో చెప్పడం, నా లెక్కలో ఆ పాట మొత్తానికి ప్రాణం.

మాటల కంటే రాగం పాతది. ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయంలో స్కీన్ రాతప్రతి ఉంది, 17వ శతాబ్దం తొలినాళ్లది. మాండోర్ అనే చిన్న తంత్రీవాద్యం కోసం రాసిపెట్టిన స్వరాలు అందులో ఉన్నాయి, సాహిత్యం లేదు. తీగకొక గీత, గీత మీద ఒక అక్షరం. ‘ఏ’ ఉంటే వేలు పెట్టకుండా తీగ మీటాలి, ‘బీ’ ఉంటే మొదటి మెట్టు, ‘సీ’ ఉంటే రెండోది. వీణ మెట్లు ఎరిగినవాళ్లకు పది నిమిషాల్లో పట్టుబడే పద్ధతి. 1838లో విలియం డౌనీ ఈ స్వరాలను మామూలు సంగీతలిపిలోకి మార్చి అచ్చువేయించాడు. రాతప్రతి కోసం పట్టుబట్టకుండా ఆ అచ్చుప్రతి చూసుకుంటే చాలు.

ఈ రాగాన్ని బ్యాగ్‌పైపు మీదికి తెచ్చేసరికి కొంత సర్దుకోక తప్పదు. పైపు చాంటర్‌లో , అంటే వేళ్లు ఆడే గొట్టంలో, ఉన్నవి తొమ్మిదే స్వరాలు. వరసగా వింటే మన చెవికి హరికాంభోజి మెట్లు, కింద ఒక నిషాదం అదనం. గాయకులు గొంతుతో అటూ ఇటూ పోగలిగినంత దూరం పైపు పోలేదు కాబట్టి పైపు బాణీ ఆ తొమ్మిదింట్లో ఇమిడేలా కుదిరింది. ఎడిన్‌బరోలో ఒక పైపు గురువుగారు దీన్ని సాధన చాంటర్ మీద, గది లోపల, మెల్లగా వినిపించారు. తిత్తి లేకుండా నేరుగా నోటితో ఊదే గొట్టమది, అసలు పైపుకు ఒక స్థాయి కిందగా పలుకుతుంది.

తిత్తి మన తెలుగు పల్లెలకు కొత్తదేం కాదు. మేకతోలు తిత్తిని శ్రుతి కోసం చంకలో పెట్టుకునే జానపద కళాకారులు మనకూ ఉన్నారు. స్కాట్లండ్ పైపులో ఒకే తిత్తి నాలుగు గొట్టాలకు గాలి పంచాలి. పాట పలికేది చాంటర్. భుజం మీదుగా లేచేవి మూడు శ్రుతి గొట్టాలు: రెండు టెనర్లు, ఒక బేస్. చాంటర్ ఆధార స్వరానికి టెనర్లు ఒక స్థాయి కింద, బేస్ రెండు స్థాయిల కింద. చాంటర్‌లో నాదస్వరం పీక లాంటి రెండాకుల పీక ఉంటుంది, శ్రుతి గొట్టాల్లో ఒకే నాలుక ఉన్న పీకలు.

చిక్కంతా ఇక్కడే. ఈ వాద్యంలో చప్పుడు పెంచడం, తగ్గించడం కుదరదు. మధ్యలో ఆపడమూ కుదరదు. ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే మధ్యలో రెప్పపాటు ఇంకో వేలు ఎత్తి విడగొట్టాలి. శోకగీతానికి ఇది పెద్ద ఇబ్బంది అనిపిస్తుంది గానీ, చెయ్యి తిరిగినవాళ్లు స్వరం మీద ఎంతసేపు నిలబడాలో చూసుకుని, ఆ చిన్న వేలి కదలికను సరిగ్గా ఎక్కడ వెయ్యాలో ఎంచుకుని పని నడిపిస్తారు. తొందరపడితే అది కవాతు పాటలా వినబడుతుంది.

స్మరణ సభలో వాయించడం ఇంకా కష్టం. పదీ పదిహేను నిమిషాలు వాయిస్తే గానీ పైపు వేడెక్కి శ్రుతి నిలవదు. టెనర్ల పైభాగాన్ని వెంట్రుకవాసి జరుపుతూ, రెండు నాదాల మధ్య అల ఆగి ఒక్కటిగా వినబడేదాకా కలుపుతారు. ఆ తర్వాత మొదలయ్యేవి ప్రార్థనలు, పేర్లు చదవడం, బ్యూగిల్, రెండు నిమిషాల మౌనం. ఈలోగా నవంబరు చలిలో కలిపిన శ్రుతి జారిపోతుంది. అందుకే పైపరు జనానికి దూరంగా గోడ చాటున నిలబడి, చాంటర్‌ను కోటు లోపల పెట్టుకుంటాడు. మొదలెట్టేటప్పుడు తిత్తిని చరిచి ఒత్తగానే మూడు శ్రుతి గొట్టాలూ ఒకేసారి పలకాలి. ముగింపులో గాలి ఒక్కసారిగా తెగాలి, లేకపోతే చాంటర్ కీచుమంటుంది. మౌనంలో ఆ కీచు చాలాదూరం పోతుంది.

ఎడిన్‌బరో కోట పైన స్కాటిష్ నేషనల్ వార్ మెమోరియల్ ఉంది. రాబర్ట్ లోరిమర్ రూపకల్పనలో 1927లో తెరిచారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన లక్షకు పైగా స్కాట్‌ల పేర్లు అక్కడి పుస్తకాల్లో, రెజిమెంట్ల వారీగా, చేత్తో పుటలు తిప్పి చూసుకునేలా ఉంటాయి. గోడ మీద సొరంగాలు తవ్విన సైనికులకు తోడున్న ఎలుకలనూ, కనేరీ పిట్టలనూ కూడా చెక్కారు. వాటిని వెతికి చూడండి.

సెల్కర్క్ ఊరి గుర్రాల ఉత్సవం కామన్ రైడింగ్ జూన్ రెండో సోమవారం తర్వాత వచ్చే శుక్రవారం. ఎడిన్‌బరో వేవర్లీ నుంచి గాలాషీల్స్‌కు రైల్లో గంట లోపే, అక్కడి నుంచి బస్సు. అయితే ఆరోజు తెల్లవారకముందే ఊరు లేస్తుంది, మార్కెట్ ప్లేస్ చుట్టూ వాహనాలు తిరగవు. ముందురాత్రే గాలాషీల్స్‌లోనో సెల్కర్క్‌లోనో ఉండాలి, గది నెలల ముందే చూసుకోవాలి. వందల గుర్రాలు ఎట్రిక్ నది దాటి కొండల మీది ఊరి హద్దులు చుట్టి ఉదయానికి తిరిగొస్తాయి. జెండాలు తిప్పే వేదికకు ఎదురుగా చోటు కావాలంటే గుర్రాలు రాకముందే నిలబడాలి.

ఊరివాళ్ల కథ ఇది: ఫ్లాడెన్‌కు 80 మంది పోతే ఫ్లెచర్ అనేవాడొక్కడే తిరిగొచ్చాడు, చేతిలో శత్రువుల జెండాతో. ఏమైందని అడిగితే నోట మాట రాక, జెండాను తలచుట్టూ తిప్పి నేలకు దించాడట. దాన్నే ఇప్పటికీ చేస్తారు. వేదిక మీద ఒక్కొక్క సంఘం తరఫున ఒక్కొక్కరు పెద్ద జెండాను బ్యాండు తాళానికి ఒళ్లు చుట్టూ, తల చుట్టూ తిప్పి చివరికి నేలకు వాలుస్తారు. గాలి ఎదురు తిరిగితే గుడ్డ కర్రకు చుట్టుకుంటుంది. వాన పడితే బరువెక్కుతుంది. చూడాల్సింది మణికట్టును. కర్ర అక్కడే తిరుగుతుంది, భుజం కదిలితే జెండా ముడుచుకుంటుంది.

చివరి జెండా మాజీ సైనికులది. అది నేలకు వాలాక రెండు నిమిషాలు మౌనం. గుర్రాల కళ్లేల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. ఆ మౌనంలోంచి సిల్వర్ బ్యాండు, అంటే ఇత్తడి వాద్యాల బృందం, ఈ పాట అందుకుంటుంది. ఇక్కడ దీని పేరు ‘లిల్టింగ్’, మాటలు లేని కూనిరాగం అని. ఇత్తడి వాద్యాలు రెండు నిమిషాలు ఊరుకుంటే చల్లబడి శ్రుతి కిందికి దిగుతుంది. అందుకే వాద్యగాళ్లు మౌనంలోనే చప్పుడు కాకుండా లోపలికి వెచ్చటి ఊపిరి వదులుతుంటారు. పైపు చేయలేనిదాన్ని ఈ బ్యాండు చేస్తుంది: దాదాపు వినబడనంత మెల్లగా ఎత్తుకుని, రెండో వరసలో లేచి, మళ్లీ తగ్గుతుంది. పాట అయ్యాక చప్పట్లు కొట్టకండి. ఫోన్ పైకెత్తి పట్టుకోకండి. మీ వెనక నిలబడ్డవాళ్లలో ఈమధ్య యుద్ధాల్లో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఉండొచ్చు.

నోరమ్ ట్వీడ్ నది ఒడ్డున ఇంగ్లండ్ వైపు ఊరు. ఫ్లాడెన్‌కు కొద్దిరోజుల ముందు జేమ్స్ ఫిరంగులతో పట్టుకున్న కోట ఇక్కడిదే. చర్చి ఆవరణలో పైపర్ డేనియల్ లెయిడ్లా సమాధి ఉంది. 1915 సెప్టెంబరు 25న ఫ్రాన్సులోని లూస్ దగ్గర, విషవాయువుకు తడబడుతున్న తన దళం ముందు కందకం గట్టెక్కి ‘బ్లూ బోనెట్స్ ఓవర్ ది బోర్డర్’ వాయిస్తూ నడిచాడు. కాలికి దెబ్బ తగిలినా ఆపలేదు. శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది, 1950 దాకా బతికాడు. మనుషుల్ని తూటాలకు ఎదురు పంపిందీ, పోయాక ఏడ్చిందీ అదే తొమ్మిది స్వరాల గొట్టం. సమాధి ముందు నిలబడితే ఆ సంగతి పక్కకు పోదు.

బ్రాంక్స్‌టన్‌కు కారులో వెళ్లడం మేలు. నడవగలిగితే కోల్డ్‌స్ట్రీమ్ నుంచి ఆరేడు కిలోమీటర్లు. ఊళ్లో పాత ఎర్ర టెలిఫోన్ పెట్టెనే సందర్శకుల కేంద్రంగా మార్చారు, యుద్ధభూమి వివరాలు అందులోనే దొరుకుతాయి. అక్కడి నుంచి పైపర్స్ హిల్ ఎక్కితే 1910లో నిలిపిన రాతి శిలువ. దాని మీద ‘ఉభయ దేశాల వీరులకు’ అని ఉంటుంది.

శిలువ దగ్గరే ఆగిపోకండి. దక్షిణానికి తిరిగితే ఎదురుగా బ్రాంక్స్‌టన్ కొండ, స్కాట్‌లు దిగివచ్చింది ఆ వాలు నుంచే. పై నుంచి చూస్తే తిన్నగా దిగేలాగే ఉంటుంది. అడుగున సన్నటి వాగు, బురద. 15 అడుగులకు పైబడిన బల్లేలను వరసగా చాచి ఒక్క గోడలా నడిస్తేనే ఆ వ్యూహానికి బలం. బురదలో కాళ్లు దిగబడి వరస చెదిరింది, చెదిరాక అంత పొడవు బల్లెం దగ్గరికొచ్చినవాడి మీద పనిచేయదు. ఇంగ్లండువాళ్ల చేతుల్లో ఉన్నది బిల్, కంచెలు నరికే కొడవలిని పొడవాటి కర్రకు బిగించిన ఆయుధం. అది బల్లెం కర్రలను నరికింది, తర్వాత మనుషుల్ని. వానాకాలం బూట్లు వేసుకుని ఆ వాలు దిగండి. వేసవిలో కూడా అడుగున నేల మెత్తగానే ఉంటుంది. చుట్టూ పంటచేలు, సెప్టెంబరు నాటికి కోతలైపోతాయి.

జూన్‌లో కుదరనివాళ్లు నవంబరు రెండో ఆదివారం, యుద్ధమృతుల స్మరణ దినాన, ఏదైనా చిన్న స్కాటిష్ ఊరి యుద్ధ స్మారకం దగ్గరికి 10.40 కల్లా చేరుకోండి. బ్యూగిల్‌కు మరీ దగ్గరగా నిలబడకండి. పైపరు ఏ గోడ చాటున నిలబడ్డాడో చూసుకుని, అటు చెవి ఉంచండి.