జిడ్డు

"గేటు దాకా వద్దు నాన్నా. ఆ పోస్టుబాక్సు దగ్గర దించెయ్."

పోయిన నవంబరులో ఒక సోమవారం పొద్దున మా చిన్ని అన్న మాట ఇది. దానికి పన్నెండేళ్ళు. ఈ మధ్య నాతో ఒక్క గుక్కలో ఇంత తెలుగు మాట్లాడటమే అపురూపం కాబట్టి, ఆ సంతోషంలో చెప్పినచోటే ఆపేశాను. అది దిగి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయాక గానీ మాట బుర్రకెక్కలేదు.

ఇంటికొచ్చేసరికి కథంతా అల్లేసుకున్నాను. మా కారంటే దానికి నామోషీ. 2007 మోడల్ డీజిల్ బండి. కంపెనీ పేరెందుకు లెండి, తప్పు వాళ్ళది కాదు, వయసుది. 1,74,000 మైళ్ళు తిరిగింది, మన లెక్కలో 2 లక్షల 80 వేల కిలోమీటర్లు. చిన్ని స్నేహితుల ఇళ్ళ ముందు ఎలక్ట్రిక్ బళ్ళు ఛార్జింగు తీగ తగిలించుకుని చప్పుడు లేకుండా నిలబడి ఉంటాయి. మాది స్టార్టయితే వీధి చివర పిల్లి లేస్తుంది.

ఆ సాయంత్రం క్లాసు పీకాను. తెనాలిలో మా నాన్న స్కూటర్ గురించి. పొద్దున్నే కిక్కు కొడితే అందుకునేది కాదు. పక్కకి వాల్చి, కాసేపు అలాగే పట్టుకుని, మళ్ళీ నిలబెట్టి కొడితే అప్పుడు లేచేది. ముందు నేను నిలబడేవాణ్ణి, వెనక అమ్మ, అమ్మ ఒళ్ళో చెల్లి. "దాన్ని చూసి మేమెప్పుడూ సిగ్గుపడలేదు" అని ముగించాను. పచ్చి అబద్ధం. ఎనిమిదో క్లాసుకొచ్చాక ఆ స్కూటర్ని ట్యూషన్ సందు మలుపులోనే ఆపించేవాణ్ణి.

చిన్ని మొత్తం ఓపిగ్గా విని, "సిగ్గు అంటే?" అంది.

వాళ్ళమ్మ అర్థం చెప్పింది.

"నో, సిగ్గు కాదు నాన్నా. పొగ."

గేటు దగ్గర ఇంజన్ ఆపమని బోర్డు ఉందట. ఆ బోర్డు పక్కనే దాని క్లాసు పిల్లలు వేసిన పోస్టర్లు ఉన్నాయట. దాని పక్కన కూర్చునే పిల్లకి ఆస్తమా అట. మిగతాది ఇంగ్లీషులో చెప్పింది: నేను ఇంజన్ ఆపనట, అక్కడే గుడగుడమంటూ నిలబడతానట, బయల్దేరేటప్పుడు ఒకసారి నల్లగా ఊది మరీ పోతానట.

నేను ఆపకపోవడానికి కారణం లేకపోలేదు. రెండేళ్ళ కిందట అదే గేటు ముందు ఆపితే మళ్ళీ సెల్ఫ్ తిరగలేదు. ఇంటికీ స్కూలుకీ మైలున్నర. అంత దూరానికి డీజిల్ బండి బ్యాటరీ ఎక్కడ నిండుతుంది? వెనక ఆరు కార్లు ఆగిపోతే, పీటీ మాస్టారొచ్చి తోశారు. ఆ రోజు నుంచి గేటు దగ్గర తాళం మీద చెయ్యి పడితే ఒట్టు. ఈ సంగతి కూతురికి చెబుతామా? "డీజిల్ ఇంజన్ మాటిమాటికీ ఆపకూడదమ్మా" అన్నాను. ఒకే పూట రెండో అబద్ధం.

పోనీ, డీజిల్ కొన్నది తప్పా? ఇక్కడ బ్రిటన్‌లో 2001 నుంచి రోడ్ ట్యాక్స్ కార్బన్ డయాక్సైడ్ లెక్కన వేశారు. ఆ లెక్కలో పెట్రోలు కన్నా డీజిలే మేలు, మైలేజీ ఎక్కువ కదా. మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ లెక్కలోకి రాలేదు. 2013లో చిన్ని పుట్టినప్పుడు ఈ బండి సెకండ్ హ్యాండులో కొంటే, ఆఫీసులో అందరూ మంచి పని చేశావన్నారు. ఆసుపత్రి నుంచి దాన్ని ఇంటికి తెచ్చింది ఇందులోనే. తర్వాత గాలి మారింది. 2021 జూన్ నుంచి బర్మింగ్‌హామ్ నడిబొడ్డున అడుగుపెడితే మా బండికి రోజుకి 8 పౌండ్ల కాలుష్య రుసుము. టివిడేల్ బాలాజీ గుడి ఆ గీతకి బయట ఉంది కాబట్టి సరిపోయింది. "ఆయనకి తెలుసు మీ సంగతి" అంటుంది మా ఆవిడ.

డీపీఎఫ్ అని మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది. ఆ కాలం బళ్ళలో చాలావాటికి అది లేదు, మాదీ ఆ రకమే. మసి పుడితే దారిలో ఆపేవాళ్ళుండరు, నేరుగా వెనకవాళ్ళ ముక్కుల్లోకే. అదీ నాకు తెలుసు. తెలిసీ ఏడాదిగా ఆ పొగతో కుస్తీ పడుతున్నాను.

మొదలైంది మోటర్‌వే మీద. ఎక్కుడు వచ్చి గట్టిగా తొక్కితే పికప్ ఒక్కసారిగా చచ్చిపోయేది, పసుపు లైటు వెలిగేది. ఆపి, తాళం తీసి మళ్ళీ వేస్తే ఏమీ ఎరగనట్టు పరిగెత్తేది. దీన్ని లింప్ మోడ్ అంటారు, అంటే కుంటి నడక. ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో దగ్గర ఏదో తేడాగా ఉందని కంప్యూటర్‌కి అనుమానం వస్తే, ఇంజన్ పాడవకుండా బలం తగ్గించేస్తుంది. 20 పౌండ్లు పెట్టి కోడ్ రీడర్ కొన్నాను. స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చితే ఫోన్‌లో పి0299 అని వచ్చింది. టర్బో నుంచి రావాల్సినంత గాలి ఒత్తిడి రావట్లేదని దానర్థం. కింద క్లియర్ అని ఒక బటన్. నొక్కితే లైటు మాయం. ఆ బటన్ నొక్కినప్పుడు కలిగే తృప్తి నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు. మూడు రోజులు హాయి. నాలుగో రోజు మళ్ళీ అదే లైటు.

గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ మార్చాను, 70 పౌండ్లు. తగ్గలేదు. కొన్నాళ్ళకి కొత్తగా పి0401 వచ్చింది, ఇంజన్ వదిలిన పొగలో కొంత మళ్ళీ లోపలికి పంపే ఈజీఆర్ వాల్వులోంచి సరిపడా గ్యాస్ పోవట్లేదని. విప్పితే లోపలంతా మసి, కట్టెల పొయ్యి మీది డేగిసా అడుగులాగా. ఒక ఆదివారమంతా పాత టూత్‌బ్రష్‌తో తోమాను. ఆ బ్రష్ పాతది కాదనీ, చిన్నిదనీ రాత్రి పళ్ళు తోముకునే వేళకి తెలిసింది. ఇక్కడ బళ్ళకి ఏటా చేసే ఎంవోటీ పరీక్షలో బండిని నిలబెట్టి, ఇంజన్ని గట్టిగా రేపి పొగ చిక్కదనం కొలుస్తారు. పాసయింది. నిలబెట్టి రేపితే టర్బో మీద బరువు పడదు, రోగం బయటపడదు. నేను మాత్రం ఆ కాగితం మా ఆవిడకి చూపించి "చూశావా" అన్నాను.

"అమ్మేయొచ్చుగా. జిడ్డులా పట్టుకున్నారు దాన్ని" అందావిడ.

ఇక ఈ పనుల్లో చిన్ని పాత్ర. దానికి తెలుగు రావాలని నేను పెట్టని రూలు లేదు. 'కారెక్కితే తెలుగే' అన్నది వాటిలో ఒకటి. ఇంగ్లీషు మాటకి 20 పెన్సుల జరిమానా. ఆ డబ్బాలో పడ్డ చిల్లరలో సగానికి పైగా నాదే, పానా జారి వేలు చితికితే నోట్లోంచి తెలుగు రాదు మరి. ఆఫీసు ఫోన్లకి మినహాయింపు కూడా నేనే ఇచ్చుకున్నాను. చివరికి ఫలించింది ఒక్కటే: ఆదివారం బానెట్ ఎత్తితే అది వచ్చి పక్కన నిలబడి లైటు పట్టేది. నేను తెలుగులో చెబితే చేసేది. పట్టుకో. వదులు. ఇటు. అటు. బిగించు. మెల్లిగా. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా "పిల్లలకి తెలుగు ఎలా నేర్పాలండీ" అని అడిగితే, "పాఠాలొద్దు, పనిలో పక్కన పెట్టుకోండి" అని పెద్ద మనిషిలా సలహాలు కూడా ఇచ్చాను.

ఒకరోజు మా అమ్మ వీడియో కాల్ చేసింది. "ఏం చేస్తున్నావే చిన్నీ?"

"నానమ్మా, బిగించు!"

"ఏం బిగించనే, నా పళ్ళ సెట్టా?"

అందరం పడీపడీ నవ్వాం. నవ్వు తగ్గాక మా అమ్మే అడిగింది, "దీనికి నువ్వు చెప్పేవే వచ్చు కానీ అది చెప్పుకునేవి రావేంట్రా?" అని. నేను నెట్‌వర్క్ సరిగా లేదన్నాను.

అలా లైటు పట్టిన ఒక ఆదివారం, ఆగస్టులో. చిన్ని చెయ్యి సన్నం, నాది దూరని చోటికి దూరుతుంది. టర్బో నుంచి గాలిని తీసుకెళ్ళే రబ్బరు పైపు ఒకటి కిందుగా వంపు తిరిగి ఉంటుంది. దాని అడుగున చెయ్యి పెట్టి తీసి, వేళ్ళు చూసుకుని మొహం చిట్లించింది. వేళ్ళకి నల్లగా, పల్చగా నూనె.

"నాన్నా, ఇక్కడ జిడ్డుంది."

ఆ మాట దానికి ఎక్కడిదో చెప్పాలి. తలంటుకి ముందు వాళ్ళమ్మ కొబ్బరినూనె రాస్తుంటే "జిడ్డు! జిడ్డు!" అని ఇల్లంతా పరిగెత్తేది. తొమ్మిదేళ్ళు వచ్చాక నూనె పెట్టించుకోవడం మానేసింది. వాళ్ళమ్మ కొన్నాళ్ళు ఏడ్చి ఊరుకుంది. నూనె పోయింది, మాట మిగిలింది.

"పాత బండికి జిడ్డు లేకుండా ఎలా ఉంటుందే? లైటు ఇటు పట్టు" అన్నాను.

పట్టింది.

డిసెంబరులో ఓర్చుకోలేక, ఊరి చివర షెడ్డులో ఒక పంజాబీ పెద్దాయన ఉన్నాడంటే తీసుకెళ్ళాను. నేను మార్చిన పార్టులన్నీ విని, "కోడ్ చూసి పార్టులు మార్చేవాళ్ళ పుణ్యమా అని నా ముగ్గురు పిల్లలూ చదువుకున్నారు" అని నవ్వాడు. కంప్యూటర్ ముట్టుకోలేదు. ఎయిర్ ఫిల్టర్ దగ్గర పైపు ఊడదీసి, ఒక చిన్న మెషీన్‌తో లోపలికి తెల్లటి పొగ వదిలి, టీ తాగుతూ కూర్చున్నాడు. కాసేపు ఏమీ లేదు. లేచి పైపులు ఒక్కొక్కటే చేత్తో వంచుతూ వచ్చాడు. కిందనున్న ఆ రబ్బరు పైపుని వంచగానే దాని అడుగు నుంచి సన్నటి పొగ పాయ ఒకటి, అగరుబత్తి పొగలా లేచింది.

చిన్ని వేళ్ళు పెట్టిన చోటే.

రెండంగుళాల చీలిక. బండి నిలబడి ఉన్నప్పుడు ముడుచుకుని ఉంటుంది, ఎంత చూసినా కనబడదు. ఎక్కుడులో టర్బో గాలి తోస్తే నోరు తెరుస్తుంది. మాఫ్ సెన్సర్ కొలిచిన గాలి ఇంజన్ దాకా చేరకుండా దారిలోనే పోతుంది, కంప్యూటర్ మాత్రం గాలి వచ్చిందనుకుని దానికి తగ్గ డీజిల్ పోస్తుంది. గాలి చాలక ఆ డీజిల్ సరిగ్గా కాలదు, మసి అవుతుంది. ఆ మసే ఈజీఆర్‌లో పేరుకుంది, ఆ మసే గేటు ముందు నల్లగా ఊదింది. టర్బో గాలిలో కాస్త ఆయిల్ తుంపర ఎప్పుడూ ఉంటుందట. ఎక్కడ లీకయితే అక్కడ అది అంటుకుని దుమ్ము పడుతుంది. "ముందు జిడ్డు కోసం వెతకాలి, తర్వాతే మిగతావన్నీ" అని హిందీలో చెప్పాడు పెద్దాయన. పైపు 38 పౌండ్లు.

ఇంటికొచ్చి ఈ సంగతి చిన్నికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎందుకని అడక్కండి. ఆగస్టులో ఆ రోజు అది చెప్పింది ఆజ్ఞ కాదు. నేను నేర్పిన మాటా కాదు. తను ముట్టుకుని, తను చూసి, నాకు చెప్పాలనిపించి, తెలుగులో చెప్పిన వాక్యం. ఇంట్లో నేను ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్నది దానికోసమే. నేను లైటు ఇటు పట్టమన్నాను.

మూడో రోజు అన్నం దగ్గర, ఏదో గుర్తొచ్చినట్టు, "బండికి ఒక పైపు పోయిందట, మార్పించాను" అన్నాను.

"జిడ్డు పైపా?"

"ఆ."

పెరుగు గిన్నె తన వైపు లాక్కుంది, అంతే. 'నేను చెప్పాను కదా' అంటే హాయిగా ఉండేది నాకు. అనలేదు. అప్పుడే చెప్పి వదిలేసిన మాట కాబోలు. లేదా 'చెప్పాను కదా' అనడం తెలుగులో రాదేమో. ఏదో నాకు తెలియలేదు. గ్రూపులో సలహాలివ్వడం మాత్రం మానేశాను. నిన్న కూడా ఒకాయన అడిగాడు, చూసి ఊరుకున్నాను.

పైపుతో పాటు బ్యాటరీ కూడా మార్పించాను. ఇప్పుడు ఎక్కుడులో గట్టిగా తొక్కినా అద్దంలో వెనక నలుపు కనబడదు. మొన్న జనవరిలో బడి తెరిచిన రోజు, మలుపు తిరుగుతూ, "పొగ పోయిందిగా. గేటు దాకా రానా?" అని అడిగాను.

"వద్దు. పోస్టుబాక్సు."

"పొగ లేదే!"

భుజాలు ఎగరేసింది. ట్యూషన్ సందు మలుపు గుర్తొచ్చింది నాకు. ఇంకేమీ అడగలేదు.

దిగి, సంచి భుజాన వేసుకుని, కిటికీలోకి వంగింది. "ఇంజన్ ఆపు."

ఆపాను. అది గేటు లోపలికి వెళ్ళేదాకా కూర్చుని, తాళం తిప్పాను. మొదటి తిప్పుకే అందుకుంది.