డెల్ఫ్ బి2 రాత పరీక్ష: నా అనుభవం

డెల్ఫ్ అంటే ఫ్రెంచ్ భాష ఎంత వచ్చో తేల్చే పరీక్ష, బి2 అందులో ఒక పై స్థాయి. మా బ్యాచ్‌లో అందరూ విని జవాబులు రాసే భాగానికి భయపడేవాళ్లు. నాకు మాత్రం మొదటినుంచీ రాతే బరువు. గంట సమయం, కనీసం 250 పదాలు, డిక్షనరీ చూడకూడదు. పైగా తప్పుల్లేని ఫ్రెంచ్ రాస్తే సరిపోదు, ఎదుటివాళ్లని ఒప్పించాలి. ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్‌లోనే బోధించే మాస్టర్స్‌కి దరఖాస్తు చేయాలనుకున్నాను, అలాంటి కోర్సులకి చాలా యూనివర్సిటీలు బి2 అడుగుతాయి. అందుకే ఫ్రెంచ్ నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌ హైదరాబాద్ కేంద్రంలో క్లాసులకి వెళ్లి ఈ పరీక్షకి కూర్చున్నాను.

లెక్క ఇదీ: వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోదానికి 25 మార్కులు. 100కి 50 వస్తే పాస్. కాకపోతే ఏ ఒక్క భాగంలో 5 కంటే తక్కువ వచ్చినా మొత్తం పోయినట్టే.

మన బడుల్లో వ్యాసం రాయించే పద్ధతి ఎంత బలంగా పాతుకుపోతుందో నాకు ఇక్కడే తెలిసొచ్చింది. ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముగింపు. "టీవీ వల్ల లాభనష్టాలు" అంటే ఈవైపు నాలుగు, ఆవైపు నాలుగు రాసి, మితంగా వాడుకుంటే మంచిదని ముగించేవాళ్లం. డెల్ఫ్‌లో అది నడవదు. అక్కడ మీకొక పాత్ర ఇస్తారు. మీరు ఒక కాలనీలో ఉంటున్నారు, లేదా ఒక కంపెనీ ఉద్యోగుల తరఫున మాట్లాడుతున్నారు. మేయర్‌కో డైరెక్టర్‌కో ఉత్తరం రాయాలి. ఫలానా నిర్ణయాన్ని సమర్థిస్తారో వ్యతిరేకిస్తారో మీ ఇష్టం. ఎటు నిలబడ్డారన్నదానికి మార్కులుండవు, ఎలా నిలబడ్డారన్నదానికే.

క్లాసులో సాధన చేసిన ఒక విషయం చెప్తాను, అందులోనే నాకు దారి దొరికింది. ఊళ్లో వారం వారం జరిగే సంత స్థలాన్ని మేయర్ కార్ పార్కింగ్‌గా మార్చాలనుకుంటున్నాడు. స్థానికుల తరఫున ఉత్తరం రాయాలి. "సంత మన సంస్కృతి, సంత అందరికీ ఉపయోగం" అని అందరం మొదలుపెట్టాం. మా మేడం ఒక్కో వాక్యం దగ్గర ఆగి అడిగేవారు: "ఎవరికి ఉపయోగం? ఎలా? ఒక ఉదాహరణ చెప్పమ్మా." అలా అడగ్గా అడగ్గా ఒక్క వాక్యం ఒక పేరాగా పెరిగింది. కారు లేని ముసలివాళ్లు నడిచి వెళ్లి తాజా కూరలు తెచ్చుకునే చోటు అదొక్కటే. అది పోతే ఊరి బయట ఉన్న సూపర్‌మార్కెట్‌కి వెళ్లడానికి ఎవరో ఒకరి మీద ఆధారపడాలి. అంటే పార్కింగ్ కోసం తీసుకున్న నిర్ణయం కారు లేనివాళ్లనే దెబ్బ తీస్తోంది. మాట, కారణం, ఉదాహరణ, దాని పర్యవసానం. ఇలాంటి పేరాలు రెండు మూడు నిలబడితే ఉత్తరం నిలబడుతుంది.

రైతుల ఆదాయం గురించి రాయాల్సి వచ్చినప్పుడు నాకు మన రైతు బజార్లు గుర్తొచ్చాయి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ బజార్లలో రైతు దళారి లేకుండా నేరుగా అమ్ముకోవచ్చు. "నేను పుట్టిపెరిగిన ప్రాంతంలో" అంటూ ఆ ఉదాహరణ చేర్చాను. మేడం దాని పక్కన ఒక టిక్కు పెట్టారు. ఫ్రాన్స్ గురించే రాయాలన్న బెంగ ఆ రోజుతో పోయింది. మనకి దగ్గరగా తెలిసిన ఉదాహరణ అయితే వాక్యాలు కూడా తడుముకోకుండా వస్తాయి.

అన్నిటికంటే నాకు నచ్చింది, కష్టమనిపించింది కూడా, ఎదుటి వాదనని ఒప్పుకుని దాటడం. ఫ్రెంచ్‌లో దానికి "సెర్త్... మే" (నిజమే... కానీ) అనే జోడీ ఉంది. నిజమే, పార్కింగ్ లేక దుకాణదారులు నష్టపోతున్నారు. అయినా ఊరి అంచున పార్కింగ్ పెట్టి అక్కడినుంచి చిన్న బస్సు నడిపితే ఇద్దరి సమస్యా తీరుతుంది కదా. ఇలా రాసినప్పుడు అవతలివాడి మాట విన్నట్టు ఉంటుంది, మన మాటకీ బరువొస్తుంది. ఈ ఒక్క పేరా లేని ఉత్తరం ఎంత చక్కని ఫ్రెంచ్‌లో ఉన్నా నినాదాల్లాగే ఉంటుందని నా గట్టి అభిప్రాయం.

రాయడానికి సరుకు కావాలి కాబట్టి రోజూ ఆర్‌ఎఫ్‌ఐ అనే ఫ్రెంచ్ రేడియో వినేదాన్ని, టీవీ5మోంద్ అనే ఫ్రెంచ్ చానెల్ చూసేదాన్ని. ప్యారిస్‌లో నిలబడి నడిపే అద్దె ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉండాలా వద్దా అని 2023 ఏప్రిల్‌లో జనాన్ని ఓటు అడిగారు. ఓటు వేసినవాళ్లలో దాదాపు 89 శాతం వద్దన్నారు. కానీ ఓటు వేయడానికి వచ్చినవాళ్లు చాలా తక్కువ. ఈ ఒక్క వార్తలోనే రెండు పక్షాలకీ వాదనలున్నాయి. ఇలాంటి వార్త తీసుకుని ముందు ఒక పక్షాన, మర్నాడు రెండో పక్షాన రాసేదాన్ని.

ఉత్తరం మర్యాదలు మాత్రం బట్టీ పట్టాల్సిందే. పైన "మొస్యూ ల మేర్" (మేయర్ గారూ), చివర "జ వూ ప్రి దాగ్రెయే" అని మొదలయ్యే పొడుగాటి వాక్యం, ఎక్కడా "తూ" (నువ్వు) రాకుండా అంతటా "వూ" (మీరు). పదాల లెక్కలో రెండు ఖాళీల మధ్య ఉన్నది ఒక పదం. ఆ లెక్కన "సెతాదీర్" (c'est-à-dire, అంటే అని అర్థం) మధ్యలో ఎన్ని గీతలున్నా ఒక్కటే.

పరీక్ష రోజు ఆఫీసుకి సంబంధించిన విషయం వచ్చింది, డైరెక్టర్‌కి ఉత్తరం. మొదటి పన్నెండు పదిహేను నిమిషాలు చిత్తు కాగితం మీదే ఉన్నాను. నా పక్షం ఏమిటి, రెండు వాదనలు, ఒక ఒప్పుకోలు, ఒక ప్రతిపాదన, అంతే, పూర్తి వాక్యాలు రాయలేదు. మొత్తం చిత్తుగా రాసి తిరిగి ఎత్తి రాసే టైమ్ ఆ గంటలో ఉండదు. చివరి పది నిమిషాలు సరిదిద్దడానికి ఉంచుకున్నాను. ఒక్కో చూపులో ఒక్కో సంగతే వెతికాను: ఒకసారి క్రియలు, ఒకసారి స్త్రీలింగ పుంలింగాల పొందిక, ఒకసారి యాక్సెంట్లు, అంటే అక్షరాల మీద పెట్టే గుర్తులు. "బియాఁ క" (అయినప్పటికీ) తర్వాత క్రియకి సబ్‌జంక్టివ్ అనే ప్రత్యేక రూపం వచ్చిందా అని ప్రత్యేకంగా చూసుకున్నాను. అన్నీ కలిపి ఒకేసారి వెతికితే కన్ను దేన్నీ పట్టుకోదు.

మాట్లాడే పరీక్షలోనూ ఈ సాధనే అక్కరకొచ్చింది. అక్కడ చీటీ తీస్తే వచ్చిన చిన్న వ్యాసంలోంచి ఒక సమస్యని పట్టుకుని, అరగంట సిద్ధమై, మన అభిప్రాయం చెప్పి పరీక్షకులతో వాదించాలి. వాళ్లు అడ్డు ప్రశ్న వేసినప్పుడల్లా నా నోట ముందు "సెర్త్" వచ్చేది, ఆ తర్వాత నా మాట.

పాసయ్యాను, అన్నిటికంటే రాతలోనే ఎక్కువ మార్కులు వచ్చాయి. డెల్ఫ్ డిప్లొమాకి గడువు లేదు. అసలు డిప్లొమా రావడానికి నెలలు పడుతుంది కాబట్టి ముందు ఇచ్చే ధ్రువపత్రంతోనే యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టాను. దాంతోపాటు పంపే మోటివేషన్ లెటర్ ఇప్పుడు రాస్తున్నాను.