ముందు నీటికి రంగు రానివ్వు

మా అబ్బాయి పన్నెండో పుట్టినరోజుకు ఉప్పునీటి అక్వేరియం కావాలన్నాడు. అంతకుముందు ఏడాది కుక్కపిల్లను అడిగి ఉన్నాడు కాబట్టి, మొరగనిదే నయమని ఒప్పుకున్నాం. తొట్టిలో నీళ్ళు పోసిన తర్వాత నెలరోజుల దాకా చేపను వేయకూడదన్న సంగతి అప్పటికి నాకు తెలియదు.

మేముండేది ఫ్లోరిడాలోని టాంపాలో. నలభై గ్యాలన్ల తొట్టి కొన్నాం, అంటే సుమారు 150 లీటర్లు. ఆర్‌ఓ నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 1.025 చూపించేదాకా వాడూ వాళ్ళ నాన్నా రెండు సాయంత్రాలు కుస్తీ పట్టారు. తర్వాత లైవ్ రాక్ వచ్చింది. పేరుకు రాయే గాని దాని మీద స్పాంజీలు, పురుగులు, ఊదారంగు పాచి, కంటికి కనిపించని బాక్టీరియా కాపురం ఉంటాయి. ఫ్లోరిడా చుట్టూ ఉన్న సముద్రంలో సహజంగా దొరికే ఈ రాళ్ళను తీయడం 1990లలోనే నిషేధించారు. ఇప్పుడు కొందరు సముద్రపు అడుగును లీజుకు తీసుకుని, సున్నపురాళ్ళు దింపి, వాటి మీద జీవం పట్టాక పైకి తెచ్చి అమ్ముతున్నారు. మాకు తడి కాగితాల్లో చుట్టి పంపారు. పెట్టె విప్పేసరికి దారిలో చచ్చిన స్పాంజీల కంపు ఇల్లంతా కమ్ముకుంది.

ఆ వాసన నాకు కొత్త కాదు. అందుకే కాస్త చిరాకు కూడా వేసింది.

నాన్నగారికి భీమవరానికి దిగువన, ఉప్పుటేరు నీళ్ళు అందే ఊళ్ళో రొయ్యల చెరువులున్నాయి. టైగర్ రొయ్య బంగారం పండించిన రోజులూ, 1994 తర్వాత తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయిన రోజులూ రెండూ చూశారు. 2009లో వనామి అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్ళీ సాగు మొదలుపెట్టారు. నా చదువు ఫీజులు ఆ చెరువులే కట్టాయి. హాస్టల్లో ఉన్నప్పుడు, నా బట్టల పెట్టెకు చెరువు వాసన వస్తోందని ఒకమ్మాయి ముక్కు మూసుకుంది. అప్పటి నుంచి ఊరి గురించి చెప్పేటప్పుడు కొబ్బరిచెట్లు, గోదావరి అంటూ దాటేయడం అలవాటైంది. ఇక్కడ బడిలో ఏటా జరిగే సంస్కృతుల పండుగకు పట్టుపంచె, పులిహోర, కొండపల్లి బొమ్మలు పంపిస్తాను. చెరువు ఫోటో ఒక్కటీ ఎప్పుడూ పంపలేదు. తాతయ్య ఏం చేస్తారని మావాడిని అడిగితే 'రైతు' అని మాత్రం చెబుతాడు, ఏం పండిస్తారో తెలియదు.

పొద్దున్న ఏడుకు ఫోను చేస్తే అక్కడ సాయంత్రం నాలుగున్నర. మావాడు తొట్టి చూపిస్తూ "తాతయ్యా, మా ట్యాంకు!" అన్నాడు. మేడ మీద నీళ్ళ ట్యాంకు అనుకుని నాన్నగారు, కారుతోందా అని అడిగారు. నేను కలగజేసుకుని, గాజు చెరువు అనుకోండి అన్నాను. మన చెరువుల్ని పాత ఇంగ్లీషు రికార్డుల్లో ట్యాంకులనే రాశారు కాబట్టి అదేమీ తప్పు కాదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు చెరువే.

"రాళ్ళు వాసన చేస్తున్నాయి తాతయ్యా."

"వాసన కొడుతున్నాయి అనాలి నాన్నా. అమ్మోనియా చూశావా?"

మావాడు ఫోను నా చేతికిచ్చి, తాతయ్యకు అమ్మోనియా ఎలా తెలుసని గుసగుసగా అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే వాడు ఏదో వీడియో చూసి, ఫ్రీజర్‌లోంచి పచ్చి రొయ్య ఒకటి తీసి తొట్టిలో వేశాడు. అది కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. దాన్ని తిని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. ఆ నైట్రైట్‌ను ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. ఈ రెండు బలగాలూ సరిపడా పెరిగాకే చేప బతుకుతుంది. లెక్క బాగానే ఉంది. ఆ రొయ్యల సంచీ మీద 'భారతదేశపు ఉత్పత్తి' అని ఉండటం నాకు మాత్రమే నవ్వు తెప్పించింది. అమెరికాకు ఎక్కువగా రొయ్యలు పంపే దేశాల్లో మనదీ ఒకటి. మన దేశంలో ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్. నాలుగు నెలలు అమ్మోనియా తగలకుండా ఎవరో కాపాడిన రొయ్యను, సముద్రాలు దాటించి తెచ్చి, అమ్మోనియా కోసమే కుళ్ళబెడుతున్నామన్న మాట.

ఐదో రోజుకు పరీక్ష గొట్టంలో పసుపు పోయి చిక్కటి ఆకుపచ్చ వచ్చింది, నాలుగు పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళ నీటిలో నాలుగు పాళ్ళ అమ్మోనియా. మావాడు సంబరంగా తాతయ్యకు చూపించాడు. ఆయన ముందు పీహెచ్ ఎంత అని అడిగారు. 8.2 అన్నాడు.

"పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం ఎక్కువవుతుంది. రొయ్య తీసెయ్యి. మూడో వంతు నీళ్ళు మార్చు."

"వీడియోలో ఉంచమన్నారు."

"ఎండురాళ్ళయితే ఉంచుకోవచ్చు. నీ రాళ్ళ మీద ప్రాణాలున్నాయి కదా! చచ్చినవాటి నుంచి వచ్చేదే చాలు. బతికున్నవాటినీ చంపుకుంటావా?"

వాడు ఒప్పుకోలేదు. ఇది పగడపు దిబ్బల పద్ధతి, తాతయ్యవి మట్టి చెరువులు అని నాతో వాదించాడు. రాత్రి మళ్ళీ పరీక్ష చేసి, ఒక రాయిమీది చిన్న స్పాంజీ తెల్లబడటం చూసి, ఏమీ మాట్లాడకుండా చిన్న వలతో రొయ్యను బయటికి తీశాడు. దాన్ని ఎక్కడ పడేయాలన్నది ఇంకో గొడవ. ఆ కంపు వర్ణించను.

అప్పటి నుంచి పొద్దుటి ఫోను నా చేతిలోంచి జారిపోయింది. నేను పక్కన లేకపోయినా వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవారు. మావాడి తెలుగు ఎప్పటిలాగే కుంటుతూ నడిచేది. కాని ఆదివారం బడిలో నాలుగేళ్ళుగా నేర్చుకోని మాటలు ఆ నోట్లోంచి రావడం మొదలైంది: గట్టు, తూము, అడుగు మట్టి, సున్నం చల్లడం. ఓ రోజు నాన్నగారు చెరువు ఎండగట్టడం గురించి చెబుతున్నారు. పంట తీసిన తర్వాత నేల నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టి, సున్నం వేసి, నీళ్ళు పెట్టి, నీటికి రంగు వచ్చేదాకా ఆగుతారు. సీడ్, అంటే రొయ్యపిల్లలు, వేసేది ఆ తర్వాతే. తొందరపడి వేసినవాళ్ళ పేర్లు కూడా చెప్పారు. వాటిని ఇక్కడ రాయను, ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నారు.

పద్దెనిమిదో రోజున ఇసుక మీదా అద్దాల మీదా గోధుమరంగు పొర కమ్మేసింది. మావాడి ముఖం వాడిపోయింది. నేనూ పాడైపోయిందనే అనుకున్నాను. నాన్నగారు మాత్రం ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "రంగు వచ్చిందే!" అన్నారు. అవి డయాటమ్‌లు, కంటికి ఆనని ఒక రకం పాచి. కొత్త తొట్టిలో ముందుగా వచ్చేవి అవే, వాటంతటవే పోతాయి. రొయ్యల చెరువులో ఆ గోధుమ రంగునే రైతు కోరుకుంటాడు. మావాడు వెంటనే గుడ్డ కిందపెట్టి, తుడవడం మానేశాడు.

ఇరవై నాలుగో రోజుకు అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. ముందు నత్తలు వచ్చి గోధుమ పొరను నాకేశాయి. మరో పది రోజులు ఆగి క్లౌన్‌ఫిష్‌లు తెచ్చాం. ఆ ఏడాది బడి పండుగకు ఏం తీసుకెళ్తావని అడిగితే, తాతయ్య పంపిన చెరువు ఫోటో తీసుకెళ్తానన్నాడు. గట్టు మీద లుంగీలో నాన్నగారు, వెనక తిరుగుతున్న ఏరేటర్లు. పట్టుపంచె కూడా కట్టుకోమని నేను ఒకసారి అడిగి ఊరుకున్నాను.

చేపలు వేసిన రోజు వాడు ఫోను తొట్టికి ఆనించి పెట్టాడు.

"సీడ్ ఎంత వేశావు నాన్నా?"

"రెండు, తాతయ్యా."

"రెండు వేలా?"

"రెండే."

నాన్నగారు కాసేపు ఆలోచించారు. "మరి పట్టుబడి ఎప్పుడు?"

"పట్టం తాతయ్యా. ఊరికే చూస్తాం."

అటువైపు నుంచి చాలాసేపు మాట లేదు. లైను తెగిందేమోనని మావాడు ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇంట్లోకి తిరిగి అమ్మతో ఆయన అంటున్న మాట నాకూ వినిపించింది: "వింటున్నావా, మేత వేసి ఊరికే చూస్తారట!"