గ్రెగ్ గ్రాఫిన్ అడిగిన ప్రశ్నలు

1980లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన బ్యాడ్ రెలిజియన్ అనే పంక్ రాక్ సంగీత బృందం చిహ్నంలో ఎర్రటి వలయం, దాని నడుమ నల్లని శిలువ, శిలువ మీదుగా ఏటవాలుగా ఒక నిషేధపు గీత ఉంటాయి. ఆ బృందపు గాయకుడు గ్రెగ్ గ్రాఫిన్ 2003లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందాడు. ఆయన రచనలలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ పరిశోధన. మతవిశ్వాసులను నిలదీయడం పంక్ గాయకుడికి కొత్త కాదు. గ్రాఫిన్ మాత్రం తన ప్రశ్నలను పరిణామ శాస్త్రవేత్తల ముందే పెట్టాడు.

వివిధ దేశాల జాతీయ విజ్ఞాన అకాడమీలకు ఎన్నికైన 271 మంది పరిణామ శాస్త్రవేత్తలకు ప్రశ్నావళి పంపగా 149 మంది బదులిచ్చారు. వారిలో 78 శాతం మంది తాము పూర్తి ప్రకృతివాదులమని, అంటే ప్రకృతికి అతీతమైనదేదీ లేదని నమ్ముతామని చెప్పారు. 72 శాతం మంది మతాన్ని మానవజాతి పరిణామంతోపాటు ఎదిగిన సామాజిక విషయంగా చూశారు. ఈ రెండో సమాధానం మర్యాదగా కనిపించినా, మతం తన గురించి తాను చెప్పుకునే సత్యాన్ని పక్కకు నెట్టి దానిని కేవలం పరిశోధనా వస్తువుగా మార్చేస్తుంది. విశ్వాసికి సూటిగా చెప్పిన కాదనే మాటకన్నా ఇదే ఎక్కువ నొప్పి కలిగిస్తుందని నా అభిప్రాయం.

అసలు చిక్కు ఇచ్ఛాస్వాతంత్ర్యం, అంటే మనిషి తన నిర్ణయాలను తానే స్వేచ్ఛగా తీసుకోగలడన్న భావన దగ్గర వచ్చింది. గ్రాఫిన్ గురువు విలియం ప్రొవైన్ పరిణామ సిద్ధాంతాన్ని అంగీకరించిన వారికి మరణానంతర జీవితంతోపాటు ఇచ్ఛాస్వాతంత్ర్యం కూడా మిగలదని ఏళ్ల తరబడి వాదించిన చరిత్రకారుడు. అయినా ఆ శాస్త్రవేత్తలలో 79 శాతం మంది మనిషికి ఇచ్ఛాస్వాతంత్ర్యం ఉందనే అన్నారు. వారు ఎంపిక చేసుకోగలగడాన్నే స్వేచ్ఛగా భావిస్తున్నారని గురుశిష్యులిద్దరూ 2007లో వ్యాసం రాశారు. మనం ఎంపిక చేసుకుంటామన్నది నిజమే. ఆ ఎంపిక వెనుక వంశపారంపర్యం, పరిసరాలు తప్ప ఇంకేమైనా ఉందా అన్నదే వారి ప్రశ్న. దేవుణ్ణి కాదన్నంత సులువుగా తన స్వేచ్ఛను కాదనడం ఎంతటి మేధావికైనా కష్టమేనని ఆ అంకె నాకు చెబుతోంది.

2010లో స్టీవ్ ఓల్సన్‌తో కలిసి రాసిన ‘అనార్కీ ఎవల్యూషన్’ అనే పుస్తకంలోనూ గ్రాఫిన్ ఇదే పట్టుదల చూపాడు. ప్రకృతి వరణాన్ని, అంటే పరిసరాలకు తగిన జీవులే మిగిలి వృద్ధి చెందడాన్ని, సర్వశక్తిమంతమైన దేవతగా నిలబెట్టవద్దని, జీవపరిణామంలో యాదృచ్ఛికతకూ వినాశనానికీ పెద్ద పాత్ర ఉందని అందులో వాదించాడు. నాస్తికుడన్న బిరుదు కూడా ఆయనకు చాలలేదు. అది దేనిని నమ్మడో చెబుతుందే గాని, లోకాన్ని ఎలా అర్థం చేసుకుంటాడో చెప్పదు. అందుకే తనను ప్రకృతివాదిగా పరిచయం చేసుకుంటాడు. ఇంతవరకు ఆయనతో ఏకీభవిస్తాను. అయితే, ఎంపికలన్నీ కారణాల ఫలితాలే అయినప్పుడు ఒక మనిషిని అతని తప్పుకు బాధ్యుణ్ణి చేయడం ఏ ఆధారంతో అన్న ప్రశ్నపై ఆయన మరింత లోతుగా రాసి ఉండవలసిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.