అమ్మ కాళ్ళలో బలం

పోయిన చలికాలం అమ్మ ఆవకాయ సీసా మూత తిప్పలేక నన్ను పిలిచింది, నేను వెళ్ళి రెండు వేళ్ళతో తీసేశాను, అంత వదులుగా ఉంది. నాకు అప్పుడేం తట్టలేదు.

అమ్మకి 69. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయి ఊపిరి సరిగ్గా ఆడని జబ్బు) అని తేలి 6 ఏళ్ళవుతోంది. జీవితంలో ఒక్క బీడీ ముట్టలేదు, కానీ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతూ వండింది, ఆ పొగ కూడా ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుందని చాలామందికి తెలీదు, మాకూ తెలీదు.

హైదరాబాద్ వచ్చాక మేం నాచారంలో రెండో అంతస్తులో ఉంటున్నాం, లిఫ్ట్ లేదు. అమ్మకి ఆయాసం వస్తుందని ఏ పనీ చేయనిచ్చేవాళ్ళం కాదు. బట్టలు ఆరేయొద్దు, మెట్లు దిగొద్దు, కింద కూర్చోవద్దు, "నువ్వు కూర్చో అమ్మా, మేం చూసుకుంటం కదా". రెండేళ్ళు ఇదే మాట. ప్రేమతోనే అన్నాం కానీ ఆ రెండేళ్ళలో అమ్మ తొడలు సన్నబడిపోయాయి, చీర కట్టుకుంటది కాబట్టి ఎవరికీ కనపడలేదు. అప్పట్లో చూపించుకున్న క్లినిక్‌లో ఇన్హేలర్ రాశారు, మందులు రాశారు, ఎక్సర్‌సైజ్ అనే మాటే ఎవరూ ఎత్తలేదు. దానికి నాకు ఇప్పటికీ బాధే.

తర్వాత వేరే డాక్టర్ ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపితే ఆ అమ్మాయి ముందు చేత్తో పిండే మిషన్ ఇచ్చింది. 13 కిలోలు చూపించింది. మన ఆసియా ఆడవాళ్ళలో 18 కంటే తక్కువుంటే, మగవాళ్ళలో 28 కంటే తక్కువుంటే బలం తగ్గినట్టట. తర్వాత చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి 5 సార్లు లేచి కూర్చోమంది. 12 సెకన్లు పట్టినా స్లో అనే లెక్క, అమ్మకి 21 పట్టింది, నాలుగోసారి తొడ మీద చెయ్యి ఆన్చి లేచింది.

ఆయాసం అంతా ఊపిరితిత్తుల వల్లే అనుకుంటాం కదా, అది సగమే. కండ బలహీనపడితే చిన్న పనికే అలిసిపోయి లాక్టిక్ యాసిడ్ తొందరగా తయారవుతుంది, దాన్ని సర్దుకోవడానికి ఒళ్ళు ఇంకా గట్టిగా ఊపిరి తీసుకోమంటుంది, దాంతో ఆయాసం, ఆయాసమని కూర్చుంటే కండ ఇంకా కరుగుతుంది. పైగా జబ్బు ముదిరినప్పుడల్లా వాడే స్టెరాయిడ్ బిళ్ళలు కూడా కండల్ని తింటాయి (అలాగని సొంతంగా ఆపేయకండి, దయచేసి). పాడైన ఊపిరితిత్తి మళ్ళీ బాగవదు, కానీ ఊపిరితిత్తి అలాగే ఉన్నా కాళ్ళకి బలం వస్తే మనిషి ఎక్కువ దూరం నడవగలడని చెప్తే అమ్మ కంటే నేనే ఎక్కువ ఏడ్చాను.

ఇప్పుడు వారానికి మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, లీటర్ నీళ్ళ బాటిళ్ళు రెండు చేతులతో ఎత్తడం, గోడ పట్టుకుని మడమలు లేపడం. లేచేటప్పుడు వేడి చాయ్ ఊదినట్టు పెదాలు బిగించి మెల్లగా గాలి వదలాలి. వేలికి ఆక్సీమీటర్ పెడతాం, కోవిడ్ టైమ్‌లో కొన్నది, రక్తంలో ఆక్సిజన్ 88 శాతం కంటే దిగితే ఆపమన్నారు. మాట్లాడగలిగేంత ఆయాసం వస్తే పర్లేదట, అసలు ఆయాసమే రాకపోతే ఆ ఎక్సర్‌సైజ్ సరిపోనట్టట.

తిండి దగ్గరే మాకు పెద్ద పంచాయితీ. అమ్మ చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకునేది, కడుపు నిండితే ఊపిరాడదని. 46 కిలోల మనిషికి రోజుకి 50 గ్రాముల ప్రోటీన్ దాకా కావాలన్నారు, గుడ్డులో ఉండేది 6 గ్రాములే. కొంచెం కొంచెం ఐదారు సార్లు పెడుతున్నాం, పొద్దున పెసరట్టు, పెరుగు, రెండు గుడ్లు, సాయంత్రం గుప్పెడు వేయించిన పల్లీలు. శనివారం గుడ్డు ముట్టదు, ఆ రోజు పప్పు గట్టిగా వండుతాం.

3 నెలలైంది. మొన్న అదే మిషన్ మీద 16 వచ్చింది, కుర్చీకి 15 సెకన్లు. మెట్ల మీద ముందు రెండు చోట్ల కూర్చునేది, ఇప్పుడు మొదటి అంతస్తు దగ్గర ఒక్కసారి ఆగి రెయిలింగ్ పట్టుకుని నిలబడుతుంది. నిన్న కూరగాయల బండి వస్తే నేను సంచి అందుకోబోయాను, "నేనే పోయి తెస్తరా, నువ్ ఆఫీస్‌కి పో" అంది.